ఓర్లిండా స్క్రూడ్రైవరు, ఫెలిబెర్తా గులకరాళ్ళు

ఆదివారం పూజలో, అందరూ మోకాళ్ళ మీద ఉన్నప్పుడు, చర్చి చెక్క నేల మీద ఠంగుమని ఏదైనా పడితే మా ఓహో ఫ్రియో ఊళ్ళో ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. ఓర్లిండా స్క్రూడ్రైవరు పడిందని అందరికీ తెలుసు. కొత్తగా వచ్చిన ఫాదరు మాత్రం మొదటి వారం ఉలిక్కిపడి చేతిలోని గిన్నెని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయనకీ అలవాటైపోయింది.

ఆ స్క్రూడ్రైవరు మూరెడు పొడవుంటుంది. దాన్ని ఆమె మరలు బిగించడానికి కొనలేదు, నేలలో గుచ్చడానికి కొంది. చెట్టు బాగాలేదని ఏ ఇంటివాళ్ళు పిలిచినా ఓర్లిండా పైకి చూడదు. కొమ్మల చివర్లు ఎందాకా వచ్చాయో ఓరకంట అంచనా వేసుకుని, సరిగ్గా వాటి నీడ అంచున గొంతుక్కూర్చుని, స్క్రూడ్రైవరుని నేలలోకి తోస్తుంది. తడి ఉన్నంత మేరా దిగుతుంది. ఎండిన చోట ఆగుతుంది. అది ఆగిన చోట ఆమె నోరు మొదలవుతుంది.

"నీళ్ళెప్పుడు పెట్టావయ్యా?"

"మొన్నే కదా ఓర్లిండా, అక్టోబర్లో."

"ఇప్పుడు ఫిబ్రవరి. అక్టోబర్లో తిన్న చిక్కుడుగింజలతోటే ఉన్నావా నువ్వు ఇప్పటిదాకా?"

మా కొండల మీద చలికాలం కూడా ఎండ దంచుతుంది. మంచు పేరుకి పడుతుంది. గాలి మాత్రం నేలలో తడినీ మనిషి ఒంట్లో తడినీ తేడా చూడకుండా తాగేసి పోతుంది. ఆకులు రాలగానే చెట్టు నిద్రపోయిందనుకుని జనం నీళ్ళగొట్టాలు చుట్టేసి కొట్టంలో పడేస్తారు. జూన్‌లో చెట్టు ఎండితే, ఎండకి పోయింది పాపం అంటారు. "ఎండకి కాదు. ఎండాకాలంలో నీకు తెలిసింది. పోయింది చలికాలంలోనే," అంటుంది ఓర్లిండా. ఈ మాట ఆమె ఊరందరి మొహం మీదా అంది. కాలవ పెద్దనీ అంది, తపాలా ఆఫీసామెనీ అంది, నగరం నుంచి వచ్చి కొండ వాలున పెద్ద ఇల్లు కట్టుకున్న పళ్ళ డాక్టరునీ అంది. ఒకసారి సమాధుల తోటలో ఫాదరు ప్రార్థన చదువుతుండగా వెనక చేరి జూనిపర్ చెట్టు కింద గుచ్చి చూసి, "పోయినవాళ్ళకి పోశారు పవిత్రజలం, బతికున్నదానికి పోయండి కాసిన్ని," అని పైకే అనేసింది. ఎవరికీ కోపం రాలేదనను. కోపం వచ్చినవాళ్ళు కూడా ఇంటికెళ్ళి నీళ్ళు పెట్టారు.

అంత నోరున్న ఓర్లిండా ఒక్క చోట, ఒక్క మనిషి ముందు, ఒక్క చెట్టు గురించి ఆరేడు నెలలు నోరు విప్పలేకపోయింది. నేను చెప్పబోయేది ఆ సంగతి. వాళ్ళిద్దరి ఇళ్ళకీ మధ్య ఇల్లు నాది, కంచె ఎత్తు తక్కువ, నాకు చెవులు బాగా పనిచేస్తాయి.

ఓర్లిండా తండ్రి తోటల్లో కొమ్మలు కత్తిరించే పని చేసేవాడు. ఆయన చేతి రంపం పట్టుకునే ఆమె పెరిగింది. ఇరవై దాటాక కరెంటు తీగలకి అడ్డమొచ్చే కొమ్మలు కొట్టే బృందంలో చేరింది. అందరూ మగవాళ్ళే. ఒకరోజు కాలవ పక్క కాటన్‌వుడ్ చెట్టు మీద ఆమె ఉండగానే, ఉందన్న సంగతి మరిచిపోయి, నిచ్చెన బండిలో వేసుకుని భోజనానికి వెళ్ళిపోయారు. తాళ్ళు కూడా బండితోటే వెళ్ళాయి. కేక వేస్తే పరువు పోతుందని ఓర్లిండా కొమ్మ మీద అలాగే కూర్చుంది. భోజనానికి వెళ్ళినవాళ్ళు ఇంకో ఊళ్ళో తీగ తెగిందని కబురొచ్చి అటే పోయారు. పొద్దు వాలుతుండగా ఆ దారిన వచ్చింది చిన్ననాటి నేస్తం ఫెలిబెర్తా. తలెత్తి చూసి నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఏమే లిండా, గుడ్లు పెడుతున్నావా?"

"నోర్ముయ్యవే. నిచ్చెన తే."

"ముందు దయచేసి అను."

"ఫేలీ, దిగానంటే చంపుతాను."

"అయితే దిగకు," అని రాయి మీద కూర్చుని, సంచీలోంచి ఆప్రికాట్లు తీసి, పైకి చూస్తూ ఒక్కొక్కటే తింది. అన్నీ అయ్యాకే నిచ్చెన తెచ్చింది.

వాళ్ళ స్నేహం అలాంటిది. ఫెలిబెర్తా వాళ్ళింటి పెరట్లో ఉన్న ఆప్రికాట్ చెట్టు కొమ్మల మీద ఇద్దరూ పెరిగారు. అక్కడి నుంచి వచ్చేపోయేవాళ్ళ టోపీల మీదికి గింజలు ఉమ్మి తన్నులు తిన్నారు. మా ఎత్తున ఆప్రికాట్ తొందరపడి పూస్తుంది, వెనకే మంచు వచ్చి పూతంతా మాడ్చేస్తుంది. అయిదారేళ్ళకోసారి మంచు దారి తప్పితే కాయ నిలుస్తుంది. ఆ ఏడు ఊరంతా జామ్ వాసన. ఫెలిబెర్తా చెట్టు కాయ అందరికన్నా తీపి. ఆమె భర్త ఎల్ఫేగో పోయాక ఆమె పొద్దున కాఫీ, సాయంత్రం జపమాల, రెండూ ఆ చెట్టు కిందే.

సరే. వాళ్ళ మధ్య ఏమొచ్చిందంటే, మర్యాద వచ్చింది.

ఫెలిబెర్తాకి కొడుకు పుట్టాడు, అమదేయో. జ్ఞానస్నానం రోజు వాణ్ణి ఎత్తుకుంది ఓర్లిండా. ఎత్తుకున్నామె బిడ్డకి నీనా, అంటే జ్ఞానతల్లి, అవుతుంది; బిడ్డ తల్లికి కొమాద్రె అవుతుంది. మా దగ్గర చుట్టరికాలన్నిట్లోకీ అది పెద్దది. అక్కచెల్లెళ్ళు జుట్లు పట్టుకోవచ్చు, వదినామరదళ్ళు పదేళ్ళు మాటలు మానేయొచ్చు, కొమాద్రెలు మాత్రం గొంతు పెంచకూడదు. ఒకరడిగితే ఇంకొకరు కాదనకూడదు. చర్చి మెట్లు దిగేలోగా ‘నువ్వు’ పోయి ‘మీరు’ వచ్చేయాలి. కొమాద్రెలు పోట్లాడితే ఆ ఏడు కాలవలో నీళ్ళు రావని పెద్దలంటారు. పోట్లాడకపోయినా మూడేళ్ళకోసారి రావడం లేదు, అది వేరే సంగతి.

ఆ రోజు మెట్ల మీద వాళ్ళిద్దరి అవస్థ చూడాలి.

"జాగ్రత్త... కొమాద్రె... మెట్టుంది. చూసి... దిగండి," అంది ఫెలిబెర్తా, ముల్లు మింగినట్టు.

"మీరు కూడా, కొమాద్రె," అంది ఓర్లిండా, నవ్వాపుకోలేక బిడ్డ దుప్పట్లో మొహం దాచుకుని.

మొదటి ఏడాది ఆ ‘మీరు’ ఇద్దరికీ ఆటలాగే ఉంది. తర్వాత అలవాటైంది. ఇరవై ఏళ్ళు దాటేసరికి నిజమైపోయింది. పండక్కి గిన్నెలు పంపుకుంటారు, ఒంట్లో ఎలా ఉందని అడుగుతారు, కుర్చీ అంచున కూర్చుంటారు. గింజలు ఉమ్మిన నోళ్ళేనా ఇవి అని నాకే అనుమానం వచ్చేది.

అమదేయో పెద్దవాడై సొంతంగా పని పెట్టుకున్నాడు. ఇళ్ళ ముందు, పెరళ్ళలో నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచి పైన తెల్ల గులకరాళ్ళు పోసి ముస్తాబు చేయడం అతని పని. నగరంలో దానికి గిరాకీ, కలుపు రాదు, నీటి ఖర్చు లేదు. తొలి పని తల్లి పెరట్లోనే చేశాడు, ఆమె పేరున్న పునీతురాలి పండక్కి కానుకగా. ఆప్రికాట్ చెట్టు మొదలంటా పట్టా బిగించి, జానెడు మందాన గులక పోశాడు. పాదు పూడిపోయింది. పెరడంతా తళతళలాడింది.

చూడ్డానికి ఊరంతా వచ్చింది. ఓర్లిండా వచ్చి చూసి నిలబడిపోయింది. చేతి సంచీలో స్క్రూడ్రైవరు ఉంది. గుచ్చడానికి నేల లేదు. కింద వేళ్ళకి నీళ్ళందవు, గాలి అందదు. తెల్లరాయి మీద పడిన ఎండ తిరగబడి మాను మీదికే పోతుంది. పగలంతా వేడెక్కి రాత్రి గడ్డకట్టే బెరడు పగులుతుంది. ఇదంతా ఇంకొకరి పెరటి గురించైతే అక్కడికక్కడే గంటసేపు చెప్పేది. పక్కన నీనా మెచ్చుకోలు కోసం చూస్తున్న కొడుకులాంటివాడు, ఎదురుగా చేతులు జోడించుకున్న కొమాద్రె.

"ఎలా ఉంది కొమాద్రె?"

"ఎంత... శుభ్రంగా ఉంది, కొమాద్రె," అంది ఓర్లిండా.

"మీరన్నాక ఇక తిరుగులేదు," అంది ఫెలిబెర్తా. ఆమె మొహంలో ఏదో పడిపోయినట్టు నాకనిపించింది. ఎండకి కళ్ళు చిట్లించిందేమో అనుకున్నాను.

ఓర్లిండా ఆ రోజు ఇంటికొచ్చి తన గుమ్మం ముందున్న నేలలో స్క్రూడ్రైవరుని ఊరికే పది చోట్ల గుచ్చింది.

చెప్పకపోతే చెట్టు పోతుంది. చెప్తే కొమాద్రె అన్న మర్యాదా కొడుకు కొత్త పనీ పోతాయి. మధ్యేమార్గంగా సూచనగా చెబుదామనుకుంది. మర్యాదస్తులకి సూచన చాలు కదా.

నవంబర్లో, గిన్నె తిరిగివ్వడానికి వెళ్ళి, తలుపు దగ్గర నిలబడి, "చెట్టుకి కాస్త దాహంగా ఉందేమో కొమాద్రె," అంది.

"అయ్యో, అలాగా! చెప్పారు, చాలు," అంది ఫెలిబెర్తా. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే బకెట్టు నీళ్ళు తెచ్చి మాను మీద గుమ్మరించేది. గులక కింది పట్టా మీంచి ఆ నీళ్ళు చక్కగా జారుకుంటూ వెళ్తే ఆమె వంటింటి మట్టిగోడ తాగింది. చెట్టుకి చుక్క అందలేదు. క్రిస్మస్‌కి గోడ ఉబ్బింది.

డిసెంబర్లో ఓర్లిండా ఇంకో సూచన చేసింది. "పగటి ఎండకీ రాత్రి చలికీ మాను చిట్లిపోతుంది కొమాద్రె. ఏదైనా చుడితే..." ఆమె ఉద్దేశం ఎండని తిప్పికొట్టే తెల్లగుడ్డ. మాలో కొందరు నవంబర్లో చుట్టి ఈస్టర్‌కి విప్పేది అదే. ఫెలిబెర్తా పెట్టె తెరిచి, ఎల్ఫేగో కప్పుకునే నల్ల ఉన్ని కంబళి తీసి, మానుకి చుట్టి, పిన్నులు పెట్టింది. "ఆయన ఉంటే ఆయనే ఇచ్చేవాడు," అని కళ్ళొత్తుకుంది. ఇక ఆ కంబళిని విప్పమని ఎవరు చెప్పగలరు? నల్లగుడ్డ రోజంతా ఎండ తాగింది. ఓర్లిండా కిటికీలోంచి దాన్ని చూసి కిటికీ తెర వేసేసుకుంది.

ఫిబ్రవరిలో చేసిన సూచన మరీ ఘోరంగా ముగిసింది. "చెట్టుకి ఊపిరాడ్డం లేదేమో, కొమాద్రె," అంది. వేళ్ళ గురించి. ఆ వారాంతంలో రంపం చప్పుడు వినిపించి నేను బయటికొచ్చాను. అమదేయో చెట్టెక్కి, పై కొమ్మలు సగానికి సగం కోసేస్తున్నాడు.

"ఏం చేస్తున్నావురా?" అన్నాను.

"గాలి ఆడాలని నీనా చెప్పారటండీ," అన్నాడు గర్వంగా.

కంచె అవతల ఓర్లిండా నిలబడి ఉంది. నోరు తెరుచుకుంది, మూసుకుంది. నీళ్ళలోంచి తీసిన చేపలా ఉంది మనిషి. "నీనా, బాగుందా?" అని పైనుంచి అరిచాడు. ఆమె చెయ్యూపింది. లోపలికెళ్ళి రెండు రోజులు బయటికి రాలేదు.

ఏప్రిల్ వచ్చింది. గుడ్ ఫ్రైడే నాటికి ఊళ్ళో ఆప్రికాట్లన్నీ గులాబీ రంగు తిరిగాయి. ఫెలిబెర్తా చెట్టు మాత్రం మొండి వేళ్ళు చాచి నిలబడింది. ఉత్తరం వైపు రెండు కొమ్మల మీద ఆవగింజంత మొగ్గలున్నాయని ఓర్లిండాకి కంచె మీంచి కనిపించింది. ఆ చెట్టు కోసమే ఆమె ఈస్టర్ ముందు లెంటు ఉపవాసాల నలభై రోజులూ మాంసం మానింది, దానికి తోడు తనకి ప్రాణమైన కాఫీ కూడా మానింది. నోరు విప్పడం మాత్రం చేతకాలేదు.

ఆ రోజు సిలువ మార్గం ప్రార్థన ముగిశాక ఆడవాళ్ళందరం చర్చి ఆవరణలో గిన్నెలు మార్చుకుంటున్నాం. మొలకెత్తిన గోధుమలతో చేసే పనోచా పాయసం చేసింది ఓర్లిండా. ఫెలిబెర్తా నల్ల పట్టు శాలువాలో, మెల్లగా దగ్గరికొచ్చింది.

"కొమాద్రె, మీకు చెప్పకుండా చేయడం మర్యాద కాదని చెబుతున్నాను. ఈస్టర్ వెళ్ళాక సోమవారం అమదేయో ఆ చెట్టుని కొట్టేస్తాడు. పోయిందిగా ఎలాగూ. ఆ చోట ఇంకాస్త గులక పోసి, మధ్యలో సిమెంటు కొంగని నిలబెడతాడట." ఆగింది. "మీరేమంటారు?"

ఓర్లిండా అనాల్సిన మాట ‘మీ ఇష్టం కొమాద్రె’. అందరికీ తెలుసు. ఆమెకీ తెలుసు. ఆ మాట కోసమే నోరు తెరిచింది. బయటికొచ్చింది వేరే.

"ఒసేయ్ ఫేలీ! నీ కళ్ళు ఆ కొంగకి పెట్టించావా ఏంటే? చెట్టు పోలేదు! నువ్వు చంపుతున్నావే, నువ్వూ నీ గులకా! దాని నోట్లో గుడ్డ కుక్కి, కంబళి కప్పి, తల నరికి, ఇంకా మీరేమంటారు అని అడుగుతున్నావా నన్ను?"

 దోన్యా అని మేం గౌరవంగా పిలిచే ప్రిమితీవాకి తొంభై ఏళ్ళు, చెవుడని మేమంతా అనుకునేవాళ్ళం. ఆమె సిలువ గుర్తు వేసుకుని, "ఈ ఏటికి కాలవ పోయింది," అంది, స్పష్టంగా.

ఫెలిబెర్తా మొహం సున్నం కొట్టినట్టయింది.  గిన్నె కింద పెట్టి, శాలువా సర్దుకుని, ఎవరి వైపూ చూడకుండా ఇంటికి వెళ్ళిపోయింది. ఓర్లిండా రెండు చేతులా పాయసం గిన్నె పట్టుకుని అక్కడే నిలబడింది. అది తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. పాపం చల్లారిపోతోందని చివరికి నేనే మూత పెట్టాను.

"వెళ్ళి క్షమాపణ చెప్పు," అన్నాను.

"ఏమని చెప్పను? మీరు అని మొదలుపెట్టాలా, నువ్వు అని మొదలుపెట్టాలా?"



మధ్యాహ్నం ఆమె ఆ గిన్నె పట్టుకునే ఫెలిబెర్తా ఇంటికి బయల్దేరింది. నేను నా పెరట్లో, కంచె దగ్గర, లేని కలుపు పీకుతున్నాను. ముందు గుమ్మంలో ఎవరూ లేరు. వెనకనుంచి కరకరమని చప్పుడు వస్తోంది. ఓర్లిండా చుట్టూ తిరిగి వెళ్ళింది.

ఫెలిబెర్తా నల్ల పట్టు శాలువా నడుముకి బిగించి, మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో గులక తోడి వెనక్కి విసురుతోంది. కుక్క ఎముక కోసం తవ్వినట్టు. కంబళి మడిచి కుర్చీ మీద పెట్టి ఉంది.

"కొమాద్రె, ఇవాళ గుడ్ ఫ్రైడే. మన్ను తవ్వకూడదు," అంది ఓర్లిండా, ఏమనాలో తెలియక.

మా దగ్గర ఆ రోజు ఎవరూ నేలలో ఇనుము దించరు. దించితే నేల రక్తం కక్కుతుందంటారు.

"ఇది మన్నా? గులక. గులకని తవ్వకూడదని ఏ ఫాదరు చెప్పాడు?" తలెత్తకుండానే అంది ఫెలిబెర్తా. "నిలబడి చూడకపోతే వంగరాదే? నీ నడుం కూడా సిమెంటుదా?"

ఓర్లిండా గిన్నెని గోడ మీద పెట్టి, వచ్చి, ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. ఇద్దరూ కలిసి తోడారు.

"ఈ రాళ్ళంటే నాకు మొదటి రోజు నుంచీ ఒళ్ళుమంట," అంది ఫెలిబెర్తా.

"ఏంటీ?"

"వంటింటి కిటికీలోంచి తళుక్కున కంట్లో కొడతాయి. గిన్నెలు తోముతూ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంటున్నాను, తెలుసా? చెట్టు కింద కుర్చీ వేస్తే కాళ్ళు కాలతాయి. తీసేయమని వాడికి చెబుదామనుకున్నాను. ఇంతలో నువ్వొచ్చి, ఎంత శుభ్రంగా ఉంది కొమాద్రె, అన్నావు." ఆమె ఓర్లిండా గొంతుని అచ్చంగా దింపేసింది. "చెట్ల సంగతి నీకు తెలియక నాకు తెలుస్తుందా అనుకుని నోరు మూసుకున్నాను."

"నువ్వంత సంబరపడుతున్నావని నేను అలా అన్నానే!"

"నేనెక్కడ సంబరపడ్డాను?"

"చేతులు జోడించుకున్నావుగా!"

"ఏడుపు ఆపుకోవడానికే!"

ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో నేను చెప్పలేను, కంచె అడ్డమొచ్చింది. ఫెలిబెర్తా నవ్వి నవ్వి రాళ్ళ మీదే కూలబడింది. తర్వాత ఆ నవ్వులోంచే ఏడుపొచ్చింది.

"లిండా, నన్ను ఒసేయ్ అని పిలిచినవాళ్ళెవరూ మిగల్లేదే. అమ్మ పోయింది, ఎల్ఫేగో పోయాడు. ఊరంతా దోన్యా ఫెలిబెర్తా అంటోంది. పొద్దున నువ్వలా అరిస్తే, అందరి ముందూ సిగ్గుతో చచ్చిపోయాను. దార్లో నడుస్తుంటే మాత్రం, ఎవరో నా తలుపు తట్టినట్టుంది."

ఓర్లిండా  ఒక పెద్ద గులకరాయి తీసి, గురిచూసి, ఫెలిబెర్తా మోకాలికి తగిలేలా విసిరింది, మెల్లగా.

పట్టా అంచు దొరికింది. చెరో వైపూ పట్టుకుని చింపారు. కింద నేల బూడిద రంగులో, పెంకులా ఉంది. పాచిపోయిన వాసన వచ్చింది. ఓర్లిండా చెయ్యి తనంతట తానే సంచీలోకి పోయి స్క్రూడ్రైవరుని పైకి తీసింది.

"ఇనుము!" అని ఆ చెయ్యి పట్టేసుకుంది ఫెలిబెర్తా.

"ఒక్కసారే. బతికుందో లేదో తెలియాలిగా."

"నిన్ననే కాలవ పోగొట్టావు, నేల కూడా పోగొడతావా? రేపటిదాకా ఆగు."

"నిన్న కాదే, ఇవాళ పొద్దున."

"ఏదైతేనేం. ఆగు."

ఓర్లిండా ఆగింది. స్క్రూడ్రైవరుతో బతికే మనిషికి అంతకన్నా పెద్ద ఉపవాసం లేదు.

అప్పుడే అమదేయో వచ్చాడు. చర్చి ముందు సిలువ మోసి భుజం కందిపోయి ఉంది. తల్లీ నీనా మోకాళ్ళ మీద, తన పని అంతా గుట్టలుగా పోసి ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అమ్మా? నీనా? ఏమైంది?"

వాళ్ళిద్దరూ చిన్నప్పుడు గింజలు ఉమ్ముతూ పట్టుబడ్డట్టు ఒకరి వెనక ఒకరు దాక్కోబోయారు. చివరికి ఓర్లిండా లేచి నిలబడింది. ఆరేడు నెలల మాట ఒక్కసారిగా చెప్పింది. తిట్టలేదు. వేళ్ళు ఎక్కడ తాగుతాయో, బెరడు ఎందుకు పగిలిందో చూపించింది. అతను కూర్చుని, పగుల్లో వేలు పెట్టి చూశాడు. 

"ముందే చెప్పొచ్చుగా నీనా."

"చెప్పొచ్చు."

"నీనా మెచ్చుకున్నారని చెప్పే ఇంకో నాలుగిళ్ళలో ఇలాగే చేశాను."

"ఏ నాలుగు?" అంది ఓర్లిండా, గోడకి ఆనుకుంటూ.

"కాలవ పెద్ద, తపాలా ఆఫీసామె, పళ్ళ డాక్టరు..." అతను తల గోక్కున్నాడు. "చర్చి వెనక, ఫాదరు పెరడు."

ఫెలిబెర్తా శాలువా నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఆగలేదు. "వెళ్ళవే," అంది ఎలాగో. "వెళ్ళి నలుగురికీ చెప్పు. అక్టోబర్లో తిన్న చిక్కుడుగింజల సంగతి కూడా చెప్పు."

శనివారం తెల్లవారగానే ముగ్గురూ చెట్టు దగ్గర చేరారు. నేను కలుపు సాకు మానేసి తిన్నగా వెళ్ళి నిలబడ్డాను. కొమ్మల నీడ అంచు ఎక్కడుండేదో గుర్తు చేసుకుని, కొట్టేసిన కొమ్మలకి కూడా చోటు లెక్కేసుకుని, ఓర్లిండా గొంతుక్కూర్చుంది. స్క్రూడ్రైవరు రెండు వేళ్ళ మేర దిగి టక్కున ఆగింది. ఇంకో వైపు గుచ్చింది. అక్కడా అంతే. ఉత్తరం వైపు, గోడ నీడలో, జానెడు దిగింది. అక్కడ ఆగి, మొహం తిప్పుకుంది.

"అటువైపు కొన్ని వేళ్ళున్నాయి," అంది. "దక్షిణం సగం పోయింది. అది తీసేయాలి. మిగతాది ఉంటుందో ఉండదో నాకు తెలియదే ఫేలీ. తెలుసని అబద్ధం చెప్పను."

"అడిగానా అబద్ధం?" అంది ఫెలిబెర్తా. "నీళ్ళెలా పెట్టాలో చెప్పు. మర్యాదగా చెప్పకు."

వెడల్పాటి పాదు చేశారు, మానుకి దూరంగా. అమదేయో గులకంతా బండిలో తిరిగి తీసుకెళ్ళాడు. మిగిలిన నాలుగిళ్ళ గులకా వెంటనే వెళ్ళింది. ఇప్పుడతను పట్టా వేయకుండా, చెట్టు పాదు వదిలి, చెక్కపొట్టు పరుస్తున్నాడు. ఎండిన సగాన్ని ఓర్లిండా తనే ఎక్కి కోసింది. ఫెలిబెర్తా కింద నిచ్చెన పట్టుకుంది, పట్టుకున్నంతసేపూ తీసుకుపోతానని బెదిరించింది. కోసిన దుంగని కాల్చనివ్వలేదు. అది వాళ్ళు కూర్చునే బల్ల అయింది. ఎల్ఫేగో కంబళి దాని మీదికి చేరింది.

ఈస్టర్ తర్వాత వారం మంచు వచ్చి ఊరి పూతంతా ఎప్పటిలాగే మాడ్చింది. ఫెలిబెర్తా చెట్టుకి మాడటానికి పూతే లేదు. మే నెలలో ఉత్తరం కొమ్మల మీద ఆకులొచ్చాయి, చిన్నవి, ముడుచుకుని, కానీ పచ్చవి. ఒకవైపే ఉండటంతో చెట్టు ఎవరితోనో గుసగుసలాడుతున్నట్టు గోడ వైపు వాలి కనిపిస్తుంది. కాలవలో నీళ్ళు వచ్చాయి, తక్కువే. దోన్యా ప్రిమితీవా మాత్రం రాలేదనే అంటుంది.

కొమాద్రెలిద్దరూ చర్చి మెట్ల మీద ఇప్పటికీ ‘మీరు’ అనే అనుకుంటారు, ఫాదరు వింటాడని. పెరట్లోకి రాగానే ‘ఒసేయ్’. పెరట్లో కూడా ‘మీరు’ వినిపించిందంటే మాత్రం నేను కిటికీలు మూసేసుకుంటాను. నిజంగా కోపాలొచ్చాయన్నమాట.

అక్టోబరు చివర్లో ఊరంతా నీళ్ళగొట్టాలు చుడుతున్న రోజుల్లో, ఫెలిబెర్తా పాదు అంచున గొంతుక్కూర్చుని ఉండగా చూశాను. ఆమె చేతిలో ఒక కొత్త స్క్రూడ్రైవరు ఉంది, ఎవరు కొనిచ్చారో చెప్పనక్కర్లేదు. రెండు చేతులా పట్టుకుని తోసింది.

"ఏమే, ఆగిందా?" అంది ఓర్లిండా కంచె మీంచి.

ఫెలిబెర్తా పక్కకి జరిగి చూపించింది. నేల మీద పిడి ఒక్కటే కనిపిస్తోంది.